చెంపయ్య ముఖం

“ఇక కళ్ళు మూసుకోండి. నేను చెప్పేదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు. మింగాల్సొస్తే మెల్లగా మింగండి. ఊపిరాడకపోతే చెయ్యెత్తండి చాలు,” అని అచ్చులు పోసేవాడు ముక్కు చీదుకున్నాడు. చీదిన చెయ్యి కడుక్కున్న చప్పుడేమీ వినపడలేదు. ఆ చేత్తోనే కాబోలు చల్లటి ముద్ద ఒకటి తీసి నుదుటి మీద పెట్టాడు, కనుబొమల మీదికి జార్చాడు, రెప్పల మీద అద్దాడు, ముక్కుపుటాలు మాత్రం వదిలేసి పెదాల మీద, గడ్డం కింద, చెవుల దాకా దట్టంగా పూసేశాడు. పళ్ళ డాక్టర్లు దవడ అచ్చు తీయడానికి వాడే ముద్ద అది. పుదీనా వాసన, పుదీనా వెనక రబ్బరు వాసన, రబ్బరు వెనక ఇంకెవరి నోట్లోంచో తీసి తన ముఖాన పెట్టినట్టు ఒక పాచి వాసన. ముసలి నటుడికి ఓకరించడానికి కూడా నోరు తెరవడానికి వీల్లేదు. అరవై దాటిన ఈ ముఖానికి ఇవాళ ఇంత మర్యాద ఎందుకంటే, రబ్బరు తల చేస్తారట. ఈ సినిమాలో బుల్లిహీరో లాగి ఒక్కటిస్తే తల బొంగరంలా గిర్రున తిరగాలి, తిరిగి తిరిగి వీపు వైపు చూస్తూ ఆగిపోవాలి, ఆగినాక కళ్ళు రెండూ టపటపా కొట్టుకోవాలి, హాలు పగలబడి నవ్వాలి. మనిషి మెడ అంత తిరగదు గనక రబ్బరు మెడ. ఇన్నేళ్ళూ తిరిగినంత మేర తిరిగింది పాపం ఈ మెడ. దీని శక్తి ఇంతే.

ముద్ద బిగుసుకోవడం మొదలైంది. దాని మీద తడిపిన ప్లాస్టరు పీలికలు ఒక్కొక్కటే పరుస్తున్నాడు అచ్చులాయన. ఒక్కో పీలికతో ముఖం ఒక్కో పిసరు తనకి దూరమవుతోంది. ఎన్ని పూశారు దీనికి, ఎన్ని అంటించారు, ఎన్ని ఊడబీకారు. నాటకాల రోజుల్లో రాజుకీ బంటుకీ ఒకటే పౌడరు పఫ్, రాజు చెమట బంటు బుగ్గకి, బంటు గజ్జి రాజు గడ్డానికి. తెల్ల విగ్గు కూడా ఒక్కటే ఉండేది నాటక సమాజంలో. దాని లోపల జిడ్డు, చుండ్రు, ఎవరెవరివో నూనెలు కలిసి గట్టిపడి అట్ట కట్టి ఉండేవి. దాన్ని పెట్టుకున్నప్పుడల్లా ఎవడి ఎంగిలి కంచంలోనో తల దూర్చినట్టు ఒళ్ళు జలదరించేది. అయినా ఆ విగ్గు పెట్టుకునే తను న్యాయమూర్తి అయ్యేవాడు. పాతికేళ్ళ కుర్రాడు అరవయ్యేళ్ళ న్యాయమూర్తి. హత్య చేసిన కన్నకొడుక్కి మర్నాడు చదవాల్సిన శిక్ష రాసి ఇంటికొస్తాడు, జామీను మీద ఉన్న ఆ కొడుకు అందరి ముందూ తండ్రి చెంప మీద కొడతాడు, తండ్రి కదలడు. చాలాసేపు మాట్లాడడు. తర్వాత ఒక్క వాక్యం అంటాడు. ఆ ఒక్క వాక్యం కోసం నాటకం నేర్పే మాస్టారు తనని వేసవి పొడుగునా చావగొట్టారు. “నువ్వు దెబ్బ తిన్నట్టు నటించకురా. తినేసి కూర్చో. మిగతాది చూసేవాళ్ళు పడతారు,” అనేవారు. నిజమే, పడేవారు. ఆ మౌనంలో హాల్లో ఎవరూ దగ్గేవారు కాదు. న్యాయమూర్తి భార్య వేషం వేసే పిల్ల పక్కనే నిలబడి, చెప్పాల్సిన మాట చెప్పకుండా చీరకొంగు నలుపుతూ ఉండిపోయేది. ఆమెకి ఆ మాట గుర్తులేక కాదు. తర్వాత ఆ పిల్లే నిజం భార్య అయింది. వేషంలో భార్య, ఇంట్లో భార్య, రెండు చోట్లా తక్కువ మాటలే.

అలాంటి నాటకమే ఒక సాయంత్రం సర్వనాశనమైపోయింది. కొడుకు వేషం వేసేవాడు ఆవేళ కొత్తవాడు, భయానికి అరచెయ్యి నిజంగానే వదిలేశాడు. చెంప ఛెళ్ళుమంది, పెట్టుడు మీసం ఊడి ఎగిరి వాడి చొక్కా చేతికే అతుక్కుంది, తెల్ల విగ్గు అడ్డంగా తిరిగి న్యాయమూర్తి ముక్కు మీదికి జారింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది వెనక వరసలకి పాకింది, మేడ మీదికి పాకింది, చివరికి హాలు హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది. తను కదలకూడదు, మాస్టారు చెప్పింది అదే, కదలకుండా కూర్చుంటే ఇంకా నవ్వారు. అప్పుడు, ఆ క్షణంలో, ఎందుకు చేశాడో ఇప్పటికీ తెలియదు, తను తల మెల్లగా హాలు వైపు తిప్పి రెప్పలు టపటపలాడించాడు. చప్పట్లు. న్యాయమూర్తికి ఎన్నడూ రానన్ని చప్పట్లు. తెర పక్కన మాస్టారు ముఖం రెండు చేతులతో కప్పుకుని నిలబడి ఉన్నారు. అటు చూసి కూడా తను మళ్ళీ ఒకసారి రెప్పలాడించాడు. ఆ రెండోది ఎవరూ కొట్టి చేయించింది కాదు. ముందు వరసలో కూర్చున్న సినిమా మనిషి ఆట అయ్యాక లోపలికి వచ్చి, “మీ మొహంలో ఏదో ఉందండీ, కొట్టబుద్ధవుతుంది,” అని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలే అనుకున్నాడు తను. ఆ రాత్రి నిద్ర పట్టనంత సంబరపడ్డాడు. తలుచుకుంటే ఇప్పుడు గొంతులోకి చేదు నీళ్ళు ఊరుతున్నాయి. మెల్లగా మింగమన్నాడుగా, మెల్లగా మింగాడు.

ప్లాస్టరు వేడెక్కుతోంది. ఆరేటప్పుడు అలాగే వేడెక్కుతుందని ముందే చెప్పారు. చెవుల్లో దూది పెట్టారు గాని కుడి చెవిలోది ముద్ద బరువుకి కాస్త జారింది. ఎడమ చెవిలో దూది ఉన్నా లేకపోయినా ఒకటే, అది బుల్లిహీరో తాత పెద్దహీరో దెబ్బల పుణ్యమా అని ఏనాడో సగం మూసుకుపోయింది. కుడి చెవికి మాటలు వినపడుతున్నాయి. ఒక గొంతు అసిస్టెంట్ డైరెక్టరుది, పొద్దున తనకి వంగి దణ్ణం పెట్టిన గొంతు.

“ఈ తల ఎన్నేళ్ళుంటుంది?”

“ఎండ తగలకుండా దాస్తే పదేళ్ళు ఢోకా లేదండి,” అన్నాడు అచ్చులాయన.

“పదేళ్ళు ఈయన ఉంటాడా? తల ఉంటే చాల్లే. తర్వాత సినిమాకీ ఇదే. బాబు ఎంత గట్టిగా కొట్టినా కిక్కురుమనదు. డేట్లక్కర్లేదు, కారు పంపక్కర్లేదు.”

“మెల్లగా అనండి. వింటారేమో.”

“విన్నా ఏం చేస్తాడు? నవ్విస్తాడు.”

ముసలి నటుడికి మొదట కలిగింది కోపం కాదు. ఆ చివరి మాట టైమింగు బాగుంది అనిపించింది, ఎక్కడ ఆపాలో అక్కడే ఆపాడు కుర్రాడు అనిపించింది. ఆ అనిపించడాన్ని చూసుకున్నాకే అసలు రోత పుట్టింది, కాళ్ళ దగ్గర మొదలై డొక్కల్లోంచి పైకి పాకుతూ. ఎదుటివాడు తన చావు మీద జోకు వేస్తే దానికీ మార్కులు వేసే స్థితికి వచ్చాడన్న మాట. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనేది అమ్మ. తొక్కీ తొక్కీ అడుసే కాలైపోయాక ఇక కడగడానికి ఏం మిగులుతుంది. కొట్టేవాడి చెయ్యి తగలకముందే, రెప్పపాటు ముందు, తినేవాడి తల తిరిగిపోవాలి, చప్పుడు తర్వాత కలుపుతారు, అదీ ఈ విద్యలో కిటుకు. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది, మెడకే తెలియాలి. మెడకి బాగానే తెలిసింది. కాని పెద్దహీరో ఆ కిటుకు ఒప్పుకునేవాడు కాదు. “నాకు దొంగదెబ్బ కొట్టడం రాదురా చెంపయ్యా,” అని నిజంగానే కొట్టేవాడు, ఉంగరాలతో సహా. చెంపయ్య అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. అమ్మానాన్నలు పెట్టిన పేరు పోస్టర్ల మీద బ్రాకెట్లో పడి, తర్వాత బ్రాకెట్టూ పోయింది. ఆయన అరచేతికి చుట్ట వాసన. కొట్టి, డైరెక్టరు బాగుందన్నా, “ఇంకోటి తీద్దాం, నా చెయ్యి సరిగ్గా పడలేదు,” అనేవాడు. ఒకనాడు అందరిముందూ భుజం మీద చెయ్యేసి, “నా చేతికి నీ చెంప అలవాటైపోయిందిరా,” అన్నాడు. ఆ మాట ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పాడు తను, పతకం చూపించినట్టు. భార్య వింటూ గిన్నెలు తోముతోంది. విన్నాక కూడా తోముతూనే ఉంది.

పెద్దహీరో తర్వాత ఆయన కొడుకు. వాడి అరచెయ్యి ఎప్పుడూ తడిగా ఉండేది, సెంటు వాసన, దెబ్బ తగిలాక చెంప మీద జారుడుగా ఏదో మిగిలిపోయేది, ఇంటికెళ్ళి సబ్బుతో రుద్దినా పోయేది కాదు. ఇప్పుడు మనవడు, బుల్లిహీరో. మెత్తటి చెయ్యి, ఏ పనీ ఎరగని చెయ్యి, కొట్టే ముందు “సారీ తాతా” అంటాడు, కొట్టాక ఫోను తీసి ఎలా వచ్చిందో చూసుకుంటాడు. మూడు తరాలు ఒక్క చెంపని పంచుకున్నాయి, ఆస్తిలాగా. ఉత్తమ హాస్యనటుడని సన్మానం చేసిన రోజు కూడా అంతే. కొత్త సూటు కుట్టించుకుని వేదిక ఎక్కి, చెప్పాలనుకున్న రెండు మాటలు మనసులో వల్లె వేసుకుంటున్నాడు. మాస్టారి పేరు చెప్పాలనుకున్నాడు. జ్ఞాపిక ఇచ్చిన పెద్దమనిషి ఇస్తూ ఇస్తూ సరదాగా చెంప మీద ఒక్కటి తగిలించాడు. తల అలవాటుగా తిరిగింది, రెప్పలు అలవాటుగా కొట్టుకున్నాయి, సభ లేచి నిలబడింది. మాస్టారి పేరు నోట్లోనే ఉండిపోయింది. కుళ్ళిన అరటిపండు తినమంటే తిన్నాడు, బురదలో దొర్లమంటే దొర్లాడు, ఆడవాళ్ళ చెప్పు నాలిక్కి తగలాలంటే తగిలించుకున్నాడు. అవేవీ గుర్తొస్తే ఇంత వెగటు లేదు. ఆ చప్పట్లకి తను వంగిన వంగడం గుర్తొస్తేనే ఒంటి మీద బల్లి పడ్డట్టుంది.

ముక్కు దగ్గర దురద. గోక్కోడానికి లేదు. ఇంకెంతసేపో. కూతురు బళ్ళో చేరిన కొత్తలో ఒకరోజు తను తీసుకురావడానికి వెళ్ళాడు. గేటు దగ్గర పిల్లలు గుమిగూడి ఒకళ్ళ చెంప ఒకళ్ళు వాయించుకుంటూ రెప్పలాడిస్తున్నారు. తనని చూసి వరసగా వచ్చి, “అంకుల్, కొట్టొచ్చా?” అన్నారు. కూతురు గోడ పక్కన నిలబడి ఉంది, సంచీ గుండెలకి హత్తుకుని. ఇంటి ముందుకొచ్చాక, “రేపట్నించి అమ్మని రమ్మనండి నాన్నా,” అంది. అంతే. ఏడవలేదు, అలగలేదు. ఇప్పుడా కూతురే మొన్న ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర తన కొడుకుని ఎత్తి పట్టుకుని, “తాతయ్యని కొట్టు, తాతయ్య ఎలా పడతాడో చూడు,” అంది. వాడు ఫోన్లో చూసి నేర్చుకున్నాడు, అరచెయ్యి వెడల్పు చేసి కొట్టాడు. పాల వాసన వేసే చెయ్యి. దానికీ తల తిరిగింది. తిరిగితే తిరిగింది, అక్కడితో ఆగొచ్చుగా, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు, కాళ్ళు పైకెత్తి కొట్టుకున్నాడు. అల్లుడు, అల్లుడి అన్నదమ్ములు, అందరూ ఫోన్లెత్తారు. “మళ్ళీ మళ్ళీ” అన్నాడు మనవడు. మళ్ళీ పడ్డాడు. కింద పడి ఉండి బల్ల కిందనుంచి చూస్తే భార్య పాదాలు కనపడ్డాయి. అవి లేచి నిలబడ్డాయి, వంటింటి వైపు వెళ్ళాయి, చెయ్యి కడుక్కుంటున్న నీళ్ళ చప్పుడు. లేచి చూస్తే ఆమె కంచంలో సగం అలాగే ఉంది. ఎవరూ గమనించలేదు. కూతురు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. అది నవ్వేనా అని తను ఒక క్షణం చూశాడు, కాని వాడు మళ్ళీ కొట్టాడు.

చెయ్యెత్తాలనిపించింది. ఊపిరాడకపోతే ఎత్తమన్నాడు. ఊపిరాడుతూనే ఉంది, ఆడకూడనివన్నీ లోపల ఆడుతున్నాయి, అంతే. దీన్నించి మనసు మళ్ళించుకోవాలని న్యాయమూర్తి వాక్యం కోసం వెతికాడు. చెంపదెబ్బ, మౌనం, చాలాసేపు మౌనం, తర్వాత ఏమంటాడు? భార్య వేషం మాట గుర్తుంది, “మంచినీళ్ళు తేనా అండీ?” అని. కొడుకు వేషం మాటలు బూతులతో సహా గుర్తున్నాయి. బంట్రోతు మాట కూడా గుర్తుంది. తన మాటే లేదు. నోరు తెరిస్తే వస్తుందేమో, పెదాలకి గుర్తుండి ఉంటుంది. పెదాల మీద ప్లాస్టరు. పేరు, చెవి, మీసం, మాట, ఒక్కొక్కటే ఎవడికి ఇచ్చాడో తెలియకుండా ఇచ్చేశాడు, ఇప్పుడు తలకాయ కూడా వచ్చి అచ్చు పోసి మరీ ఇస్తున్నాడు. వాళ్ళెవరూ లాక్కోలేదు. అడిగారు, తను ఇచ్చాడు, ఇచ్చి దణ్ణం పెట్టాడు.

“అయిపోయిందండీ. ముందుకి వంగి బుగ్గలు కదిలించండి,” అన్నాడు అచ్చులాయన. ముఖం చర్రున ఊడివచ్చింది. వెలుతురు కళ్ళలో పొడిచింది. చెమటా పుదీనా కలిసిన నీళ్ళు మెడ మీదికి కారాయి. అచ్చులాయన ఆ డిప్పని వెలుతురుకి పట్టి చూసి పెదవి విరిచాడు. “బాగా పడింది. కాని మీకు కావలసింది ఇది కాదేమో సార్. ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నట్టుంది. నవ్వు రాదు.”

అసిస్టెంట్ డైరెక్టరు కూడా చూశాడు. “అవును. ఇంకోటి తీద్దాం. సార్, మీ ఆ మొహం పెట్టండి, దెబ్బ తగిలిన మొహం. బుగ్గ ఒకవైపు ఉబ్బి, మూతి ఇలా. అలా పెట్టి ఉంచేస్తే దాని మీదే పోసేస్తాం.”

అంతసేపు ఆ మొహం పెట్టుకునే ఉండాలా అనుకున్నాడు ముసలి నటుడు. పక్క గదిలో ఎవరితోనో ఆడుకుంటున్న బుల్లిహీరో మాటలు విని తొంగిచూశాడు. “ఏంటి, మూడ్ రావట్లేదా తాతా? ఉండు, నేను ఊరికే చెయ్యెత్తుతా, అదే వచ్చేస్తుంది,” అని నవ్వుతూ వచ్చి చెయ్యెత్తాడు.

ముసలి నటుడి చెయ్యి లేచి ఆ మణికట్టుని గాలిలోనే పట్టుకుంది. పట్టుకున్నాక గాని పట్టుకున్నట్టు తనకే తెలియలేదు. గడియారం కింద నాడి కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తోంది. బుల్లిహీరో ముందు నవ్వాడు, ఇది కొత్త కామెడీ అనుకుని. తర్వాత చెయ్యి లాక్కోబోయాడు, రాలేదు. తర్వాత నవ్వు ఆగిపోయింది. గదిలో ఎవరూ దగ్గలేదు.

“టైమింగ్ తప్పింది తాతా,” అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

“తప్పలేదు,” అని వదిలేశాడు. వదిలి, పక్కనున్న తువ్వాలు తీసుకుని లేచాడు. “ఇంకో అచ్చు వద్దు.”

అసిస్టెంట్ డైరెక్టరు వెనకే వచ్చాడు గాని బతిమాలడానికి కాదు. “పర్లేదు సార్, మీరు రెస్ట్ తీసుకోండి. ఆ మొహానివి పాత ఫొటోలు బోలెడున్నాయి. చూసి చెక్కించేస్తాం,” అన్నాడు, ఓదార్పుగా. అదీ నిజమే. తల తయారవుతుంది, తిరుగుతుంది, హాలు నవ్వుతుంది, తన మనవడు అందరికంటే ఎక్కువ నవ్వుతాడు. తను కుళాయి కింద ముఖం పెట్టి తోమాడు, సబ్బు కళ్ళలో పడ్డా తోమాడు. తెల్లటి నీళ్ళు, చెవి వెనకనుంచి ప్లాస్టరు పొట్టు. ఎంత ఉమ్మినా నోట్లో పుదీనా పోలేదు. ఏదో గెలిచినట్టు ఒక పిసరంత ఉత్సాహం లోపల తలెత్తబోతే దాన్నీ అసహ్యించుకున్నాడు. ఒక పిల్లాడి చెయ్యి పట్టుకున్నంత మాత్రాన ఇన్నేళ్ళూ వెనక్కి రావు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నపు ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. తలుపు తీసిన భార్య ఆ ముఖం వంక చూసి, “ఏమిటిది, ఇలా కందిపోయింది?” అంది.

“అచ్చు తీశారు.”

“ఎవరిది?”

“నాదే.”

ఆమె దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి, “ఉండండి, చెంప మీద వెంట్రుకల్లో ఏదో అంటుకుంది,” అని చెయ్యి చాపింది. ఆ వేళ్ళు తగలకముందే, రెప్పపాటు ముందు, అతని తల అటు తిరిగిపోయింది. రెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి.

ఆమె చెయ్యి గాలిలోనే ఉంది.

“నేను తిప్పలేదు. దానంతటదే తిరిగింది,” అన్నాడు.

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీరెప్పుడూ అంతే. పాప బళ్ళో చేరిన ఏడాది నుంచీ. కాలరు సరిచేయబోయినా, నిద్రలో దిండు సర్దబోయినా అటు తిరిగిపోతారు.” చాపిన చెయ్యి దించింది. “అందుకే నేనే మానుకున్నాను.”

అతను గుమ్మం పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ నుంచి ఆమె చెయ్యి తన ముఖం మీదికి రాకపోవడానికి తను ఎన్నెన్ని కారణాలు కట్టుకున్నాడో. సినిమాలు నచ్చక అనుకున్నాడు. తనంటే అసహ్యం కాబోలనుకున్నాడు, అదీ న్యాయమే అనుకున్నాడు.

“ఒక్కనాడూ చెప్పలేదే.”

“చెబితే ఇంట్లో కూడా జాగ్రత్తగా నటించేవారు.”

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. అతను తలని గుమ్మపు చెక్కకి ఆనించి నొక్కిపెట్టాడు, ఎటూ తిరగడానికి వీల్లేకుండా. “తియ్యి,” అన్నాడు.

ఆమె చెయ్యి మెల్లగా వచ్చింది. మెడనరం చేపలా ఎగిరింది. పళ్ళు బిగబట్టి ఆపాడు. వేళ్ళు తగిలాయి, గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన వేళ్ళు, ప్లాస్టరు ముక్కని గోటితో పట్టుకుని లాగాయి. తెల్లవెంట్రుకలతో సహా ఊడివచ్చింది. చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇంకోటి ఉంది,” అంది.

“ఉంటే తియ్యి.”